మూడు పెట్టెలు, ఒక ఓటు

2017 ఆగస్టు 23వ తేదీన నంద్యాల శాసనసభ నియోజకవర్గానికి ఉప ఎన్నిక జరిగింది. నంద్యాల అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉన్నది; వేరు జిల్లాగా ఏర్పడినది 2022లో. ఆ ఎన్నికలో ఓటర్లు 2 లక్షల 18 వేల పైచిలుకు, పోలింగు కేంద్రాలు 255, అభ్యర్థులు 15 మంది.

ఆనాడు ఓటు వేసిన ఒక రైతు ఏమి చేశాడో, ఏమి చూశాడో గమనిద్దాము. మొదటి అధికారి పట్టికలో అతని పేరు చూశాడు. రెండవ అధికారి వేలికి చెరగని సిరా పెట్టి, పుస్తకంలో సంతకమో వేలిముద్రో వేయించుకొని చీటీ ఇచ్చాడు. మూడవ అధికారి ఆ చీటీ పుచ్చుకొని తన బల్లమీది పెట్టెలో ఒక మీట నొక్కాడు. రైతు అట్టల మరుగులోనికి వెళ్ళాడు. అక్కడ ఉన్న పెట్టెమీద ఆకుపచ్చ దీపం వెలుగుతున్నది. తనకు నచ్చిన గుర్తు ప్రక్కనున్న నీలిమీట నొక్కాడు. ఆ గుర్తు పక్కన ఎర్రదీపం వెలిగింది. చేరువలోనే ఉన్న మరొక పెట్టెకు చిన్న అద్దం ఉన్నది. ఆ అద్దం వెనుక ఒక కాగితపు చీటీ కనిపించింది. దానిమీద అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉన్నవి. అది ఏడు సెకన్లు నిలిచి, తెగి, పెట్టెలో పడిపోయింది. బయట బల్లమీది పెట్టె కూత పెట్టింది. ఓటు పడింది.

రైతు తాకినది ఒకే మీట. కాని అతనికి జవాబు చెప్పినవి మూడు పెట్టెలు. ఒకటి తాకడానికి, ఒకటి చూడడానికి, ఒకటి మరొకరి చేతిలో ఉండడానికి. ఒక యంత్రాన్ని ఇట్లు మూడు ముక్కలుగా విడదీయడం ఎందుకు? విడిపోయిన ముక్కలు ఒక్కటే మాట చెబుతున్నవని నమ్మడం ఎట్లా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరకడానికి అరవయ్యేళ్ళకు పైగా పట్టింది. ఆ చరిత్రలో కర్నూలు, కడప జిల్లాలకు కూడా చోటున్నది.

యంత్రానికి ముఖం

యంత్రంలో మనిషి తాకే, చూసే, వినే భాగాన్ని ఇంజనీర్లు ఇంటర్‌ఫేస్ అంటారు. యంత్రం ముఖమని మనం చెప్పుకోవచ్చు. గోడ గడియారానికి ముఖం దాని పలక. రేడియోకు ముఖం దాని మరలు, ముల్లు. ఇవి ఒకే మనిషి ఎదుట ఉండే ఒకే ముఖం గల యంత్రాలు.

కొన్ని పనులకు ఒక్క ముఖం చాలదు. ఒంటి పట్టాల రైలు మార్గంలో రెండు స్టేషన్లకు రెండు టోకెన్ యంత్రాలుండే పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. ఒక స్టేషన్ మాస్టరు తన యంత్రం నుండి టోకెను తీయవలెనన్నచో, అవతలి స్టేషన్ మాస్టరు అక్కడి మీట నొక్కి సమ్మతించవలెను. ఒక టోకెను బయట ఉన్నంత వరకు రెండు యంత్రాలలో దేని నుండీ మరొక టోకెను రాదు. యంత్రాలు రెండు, మనుషులు ఇద్దరు, దూరం కొన్ని మైళ్ళు. అయినను అది ఒకే యంత్రపు రెండు ముఖాలు. వాటిని కావాలనే విడదీశారు. ఒక్కడి తొందరపాటు వలన రెండు రైళ్ళు ఎదురెదురుగా రాకూడదన్నదే ఉద్దేశం.

అనేక పరికరాల మధ్య ముఖాన్ని పంచేటప్పుడు మూడు ప్రశ్నలు పుడతవి. ఎవరికి ఏ ముక్క ఇవ్వవలెను? ముక్కలన్నీ కలిసి అడుగు వేయడం ఎట్లా? అవి ఒకే నిజాన్ని చెబుతున్నవని ఎట్లు తెలుసుకొనడం? ఓటు పెట్టె చరిత్ర అంతా ఈ మూడు ప్రశ్నల చరిత్రే.

అభ్యర్థికి ఒక పెట్టె

స్వతంత్ర భారతంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు నుండి 1952 ఫిబ్రవరి వరకు జరిగినవి. అప్పుడు కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు దాని రాజధాని అయింది. 1951 జనగణన ప్రకారం దేశంలో అక్షరాస్యులు నూటికి 18 మంది మాత్రమే. పేర్లు చదవలేని ఓటరుకు ఎంపిక ఎట్లు సాధ్యం?

ప్రథమ ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ నాయకత్వాన దీనికి చేసిన ఏర్పాటు సులభమైనది. ప్రతి అభ్యర్థికి ఒక పెట్టె. దానిమీద అతని గుర్తు. ఓటరుకు ఇచ్చే కాగితం మీద ఏ గుర్తూ వేయనక్కరలేదు. మరుగులోనికి వెళ్ళి, నచ్చిన గుర్తు గల పెట్టెలో కాగితం వేస్తే చాలు. ఓటరు చదవనక్కరలేదు, కలం పట్టనక్కరలేదు.

ఇందులో లోపాలు లేకపోలేదు. అభ్యర్థులు పెరిగిన కొద్దీ పెట్టెలు పెరిగేవి. పెట్టెలన్నీ మరుగులో ఉన్నందున కాగితం పెట్టెలో పడినదీ లేనిదీ బయటి వారికి తెలిసేది కాదు. ఓటరు కాగితాన్ని పెట్టెలో వేయక బయటకు తెచ్చి, మరొకరికి ఇచ్చే వీలుండేది. ఎంపిక, కాగితం వేయడం రెండూ రహస్యంగా జరగడమే దీనికి మూలం.

1962 సాధారణ ఎన్నికల నాటికి పద్ధతి మారింది. గుర్తులన్నీ ఒకే కాగితం మీదికి వచ్చినవి. ఓటరు మరుగులో ముద్ర వేసి, కాగితం మడిచి, అందరి ఎదుట ఉన్న ఒకే పెట్టెలో వేయసాగాడు. ఈ మార్పును పాఠకులు జాగ్రత్తగా గమనించవలెను. పని మూడు చోట్లకు పంపిణీ అయింది. కాగితం ఇచ్చే అధికారం అధికారి బల్ల వద్ద ఉన్నది. ఎంపిక చేసే స్వేచ్ఛ మరుగులో ఉన్నది. వేయడం బహిరంగంగా ఉన్నది. ఈ మూడింటినీ కలిపే సాధనం కాగితమే. ఒక చోటి సమాచారాన్ని మరొక చోటికి అది మోసుకొనిపోయేది.

కాగితానికి తన చిక్కులు తనకున్నవి. ముద్ర రెండు గుర్తుల మధ్య పడితే ఓటు చెల్లదు. సిరా ఆరకముందే మడిస్తే మరొక గుర్తు మీద అంటుకొనేది. దౌర్జన్యంతో కేంద్రాన్ని ఆక్రమించిన వారు కొద్ది నిమిషాలలోనే వందల కాగితాల మీద ముద్ర వేసి పెట్టె నింపగలిగేవారు. ఇక లెక్కింపు మాట చెప్పనవసరం లేదు. 1991 నవంబరులో నంద్యాల లోకసభ స్థానానికి జరిగిన ఉప ఎన్నికలో నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు 5 లక్షల 80 వేలకు మించిన ఆధిక్యంతో గెలిచారు. అన్ని లక్షల కాగితాలనూ విప్పి, గుర్తులవారీగా వేరుచేసి, కట్టలు కట్టి లెక్కించినవి మనుషుల చేతులే.

హైదరాబాదులో పుట్టిన యంత్రం

ఈ చిక్కులకు విరుగుడు వెదకే పని అప్పటికే ఆరంభమయింది. 1977లో ఎన్నికల సంఘం, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను ఓటింగు యంత్రం తయారు చేయగలరా అని అడిగింది. అణుశక్తి శాఖ క్రింద 1967లో స్థాపితమైన సంస్థ ఇది. 1979లో నమూనా సిద్ధమయింది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దానిని రాజకీయ పక్షాల ప్రతినిధులకు చూపించింది. తరువాత బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా యంత్రాల తయారీకి పూనుకొన్నది. అక్కడ ఈ పనిని నడిపించిన ఇంజనీరు ఎస్. రంగరాజన్. సుజాత అన్న కలం పేరుతో తమిళ పాఠకులకు సుపరిచితుడైన రచయిత ఆయనే. యంత్రపు ఆకారాన్ని, మీటల అమరికను తీర్చిదిద్దిన వారు బొంబాయి ఐ.ఐ.టి.లోని డిజైన్ కేంద్రానికి చెందిన ఎ.జి. రావు, రవి పూవయ్య.

ఒకే పెట్టెలో అంతా అమర్చడం ఇంజనీర్లకు కష్టమేమీ కాదు. కాని అట్లు చేసినచో ఏమవుతుంది? పెట్టెను మరుగులో ఉంచితే ఓటరు ఎన్నిసార్లయినా మీట నొక్కవచ్చు. అధికారి ఎదుట ఉంచితే రహస్యం పోతుంది. అందువలన కాగితపు పద్ధతిలోని మంచి విభజననే యంత్రంలోనికి తెచ్చారు. మరుగులో ఉండేది బ్యాలెట్ యూనిట్. అధికారి బల్లమీద ఉండేది కంట్రోల్ యూనిట్. రెంటినీ కలిపేది 5 మీటర్ల కేబులు. పూర్వం అధికారి కాగితం ఇచ్చేవాడు; ఇప్పుడు 'బ్యాలెట్' మీట నొక్కుతాడు. ఒక నొక్కుకు ఒక ఓటు మాత్రమే.

విద్యుత్తు లేని ఊళ్ళ సంగతి కూడా ఆలోచించారు. నల్లమల అడవిలోని చెంచు గూడెంలో కూడ పోలింగు కేంద్రం నడవవలెను గదా. అందుచేత యంత్రం బ్యాటరీతో పనిచేస్తుంది. చేతిపెట్టె వలె మోసుకొనిపోవడానికి వీలుగా ఉంటుంది.

1982 మే 19న కేరళలోని పరూరు నియోజకవర్గంలో 50 కేంద్రాలలో ఈ యంత్రాలను మొదటిసారి వాడారు. ఎన్నికల చట్టంలో యంత్రం ప్రసక్తి లేదని ఓడిన అభ్యర్థి న్యాయస్థానానికి వెళ్ళాడు. 1984లో సుప్రీం కోర్టు అతని వాదాన్ని అంగీకరించింది. ఆ 50 కేంద్రాలలో కాగితంతో మళ్ళీ ఓటింగు జరిపితే ఫలితం తారుమారయింది. యంత్రం సరిగా పనిచేసినదా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాలేదు. చట్టం అనుమతించినదా అన్నదే ప్రశ్న. చట్టాన్ని సవరించిన మీదట 1989 మార్చి నుండి యంత్రానికి చోటు లభించింది. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 శాసనసభ స్థానాలలో ప్రయోగాత్మకంగా వాడారు. 2004 లోకసభ ఎన్నికలలో దేశంలోని 543 స్థానాలలోను ఇదే యంత్రం. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకు కూడ ఎన్నికలు జరిగినవి. కనుక కర్నూలు, కడప ఓటరు ఒకే మారు రెండు జతల యంత్రాలను చూశాడు.

దీపాల భాష

విడిగా ఉన్న ముక్కలు కలిసి అడుగు వేయడం ఎట్లన్నది రెండవ ప్రశ్న. దీనికి ఇంజనీర్లు వాడిన భాష మూడు దీపాలు, ఒక కూత.

అధికారి 'బ్యాలెట్' మీట నొక్కగానే అతని పెట్టెమీద 'బిజీ' అనే ఎర్రదీపం, మరుగులోని పెట్టెమీద 'రెడీ' అనే ఆకుపచ్చ దీపం వెలుగుతవి. ఒకే స్థితిని రెండు ముఖాలు రెండు మాటలతో చెబుతున్నవి. "ఓటరు లోపల ఉన్నాడు, ఆగు" అని అధికారికి. "నీ వంతు, నొక్కు" అని ఓటరుకు. ఓటరు నీలిమీట నొక్కగానే గుర్తు ప్రక్కన ఎర్రదీపం వెలిగి, ఆకుపచ్చ దీపం ఆరుతుంది. కూత వినిపించిన పిదప అధికారి వద్ద ఎర్రదీపం ఆరుతుంది. తరువాత ఓటరు ఎన్నిసార్లు నొక్కినా యంత్రం పట్టించుకోదు.

కూతలో ఒక సూక్ష్మం ఉన్నది. దీపం ఎవరి ఎదుట ఉంటే వారికే కనిపిస్తుంది. కూత గదిలోని వారందరికీ వినిపిస్తుంది. ఓటరుకు, అధికారికి, పక్షాల ఏజెంట్లకు అది ఒకేసారి అందుతుంది. ఓటు పడినదని అందరికీ తెలియవలెను. ఎవరికి పడినదో ఎవరికీ తెలియకూడదు. ఒక్క శబ్దంతో ఈ రెండూ నెరవేరినవి.

మీటలకు కూడ హద్దులున్నవి. 'టోటల్' నొక్కితే అప్పటికి పోలయిన మొత్తం ఓట్లు మాత్రమే తెలుస్తవి, అభ్యర్థులవారీగా తెలియవు. 'క్లోజ్' నొక్కిన తరువాత ఇక ఓటు పడదు. 'రిజల్ట్' మీట లోపలి తలుపు క్రింద ముద్రతో మూసి ఉంటుంది. 'క్లోజ్' కాకుండా అది పనిచేయదు. అనగా, ఒకే పెట్టెలో కూడా ఒక్కొక్క మీటకు ఒక్కొక్క సమయం నియమితమయింది.

ముఖం అందరికీ అందవలెను. చూపు లేని వారి కొరకు బ్యాలెట్ యూనిట్ మీద బ్రెయిలీ అంకెలు అమర్చారు. వాటిని 2004లో హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో ప్రయత్నించి చూశారు. ఒకే పేరు గల అభ్యర్థుల వలన తికమక కలగకుండ 2015 నుండి అభ్యర్థుల ఛాయాచిత్రాలను చేర్చారు.

పెట్టెలు పెరిగితే

ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 మీటలుంటవి. అభ్యర్థులు అంతకు మించినచో రెండవ యూనిట్‌ను మొదటి దానికి తగిలిస్తారు. పాత రకం యంత్రాలలో ఇట్లు నాలుగింటి వరకు, అనగా 64 మంది అభ్యర్థుల వరకు సాధ్యమయ్యేది. ఏ యూనిట్ ఎన్నవదో తెలుపడానికి దానిలో జరుపుడు మీట ఒకటి ఉంటుంది. దానిని 1, 2, 3, 4 అంకెలలో ఒకదాని వద్ద నిలుపుతారు.

కడప జిల్లాలో దీనికి పరీక్ష 2011 మే 8న వచ్చింది. ఆనాడు కడప లోకసభ స్థానానికి, పులివెందుల శాసనసభ స్థానానికి కలిపి ఉప ఎన్నికలు జరిగినవి. లోకసభకు 42 మంది, శాసనసభకు 25 మంది పోటీలో నిలిచారు. లెక్క వేయండి: 42 మందికి మూడు యూనిట్లు, 25 మందికి రెండు. పులివెందుల ఓటరు ఎదుట రెండు ఎన్నికలకు కలిపి ఐదు బ్యాలెట్ యూనిట్లు; అధికారుల వద్ద రెండు కంట్రోల్ యూనిట్లు. ఓటరు మొదట ఒక ఎన్నికలోని మూడు పలకలలో తన గుర్తును వెదకి నొక్కవలెను. పిదప రెండవ ఎన్నికలోని రెండు పలకలలో మళ్ళీ వెదకి నొక్కవలెను. రెండు కూతలు రెండు వేరు పెట్టెల నుండి వస్తవి. ఇక్కడ యంత్రానికి లోపల కష్టమేమీ లేదు. కష్టమంతా మనిషి కన్నుకే. తన గుర్తు ఏ పలకమీద ఉన్నదో ముందుగా తెలియని వృద్ధునికి ఎర్రదీపం కన్న ఊరిలో చూపించిన నమూనా పత్రమే ఎక్కువ ఉపకరిస్తుంది.

దీనికంటె పెద్ద పరీక్ష తెలంగాణలో వచ్చింది. 1996లో నల్లగొండ లోకసభ స్థానానికి 480 మంది పోటీ చేసినప్పుడు ఓటు కాగితం పుస్తకమంత అయింది. నీటిలోని ఫ్లోరైడు బాధను దేశానికి చాటడానికి పలువురు అట్లు నామినేషన్లు వేశారు. 2019 ఏప్రిల్ 11న నిజామాబాదులో 185 మంది నిలిచారు. వారిలో 170 మందికి పైగా పసుపు, జొన్న రైతులు. 'పైవారెవరూ కాదు' అన్న మీట 2013లోనే వచ్చి ఉన్నందున మొత్తం 186 మీటలు కావలసివచ్చినవి. కొత్త రకం యంత్రం 24 యూనిట్ల వరకు తగిలించుకోగలదు. కనుక 12 యూనిట్లను మూలమట్టం ఆకారంలో పేర్చి, వాటన్నింటినీ ఒకే కంట్రోల్ యూనిట్‌కు కలిపారు. రైతులు తమ గోడును ఎన్నికల పట్టిక ద్వారా వినిపించారు. యంత్రం ఆ పొడవును మోయగలిగింది.

అద్దం వెనుక చీటీ

ఇక మూడవ ప్రశ్న. దీపం వెలిగిన గుర్తుకే ఓటు లెక్కలో చేరినదని ఓటరుకు ఎట్లు తెలుస్తుంది? కాగితం కాలంలో ఈ సందేహం లేదు. తాను వేసిన ముద్రే పెట్టెలో పడేది. యంత్రంలో ఓటరు చూసేది ఒక పెట్టె. ఓటును దాచేది మరొక పెట్టె. లెక్క చెప్పేది దానిమీది అంకెల పలక. ముఖాన్ని విడదీసినందున వచ్చిన చిక్కు ఇదే.

2009 మార్చిలో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఈ విషయాన్ని సూటిగా చెప్పింది. ఎన్నికలోని ముఖ్య ఘట్టాలను ప్రత్యేక శాస్త్రజ్ఞానం లేని సామాన్య పౌరుడు కూడ సరిచూసుకోగలగాలి. అట్టి వీలు లేని యంత్రాలను 2005 ఎన్నికలలో వాడడం చెల్లదన్నది. 2010లో హైదరాబాదుకు చెందిన హరిప్రసాద్, అమెరికా ఆచార్యుడు హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన గాంగ్‌గ్రైప్ కలిసి ఒక భారతీయ యంత్రాన్ని పరిశీలించి ఫలితాలు ప్రకటించారు. అంకెలు చూపే పలక స్థానంలో అదే ఆకారం గల మరొక పలక అమర్చితే, లోపలి లెక్క ఒకటి, బయట కనిపించేది మరొకటి కాగలదని వారు చూపించారు. ముద్రలు, కాపలా, మాక్ పోలింగు వంటి జాగ్రత్తల మధ్య అట్టి మార్పు చేయడం సాధ్యం కాదని ఎన్నికల సంఘం బదులు చెప్పింది. వాదం ఏదైనా, ఒక సంగతి స్పష్టమయింది. ఓటరు స్వయంగా చూసి నమ్మదగిన సాక్ష్యం ఒకటి కావలెను.

ఆ సాక్ష్యమే మూడవ పెట్టె. దానిని వీవీప్యాట్ అంటారు. 2011 జూలైలో ఎండకు పేరుపడిన జైసల్మేరు, వానకు పేరుపడిన చిరపుంజి, చలికి పేరుపడిన లడక్‌లతో సహా ఐదు చోట్ల దానిని పరీక్షించారు. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదటిసారి వాడారు. ఆ ఏడు అక్టోబరులో సుప్రీం కోర్టు ఈ కాగితపు సాక్ష్యం అవసరమని తీర్పు చెప్పింది. 2017 ఆగస్టులో నంద్యాల ఓటరు అద్దంలో చూసిన చీటీ ఇట్లు వచ్చినదే. 15 మంది అభ్యర్థులు, 'పైవారెవరూ కాదు' కలిసి 16. అందుచేత ఒకే బ్యాలెట్ యూనిట్ నిండుగా సరిపోయింది.

మూడవ పెట్టె తన చిక్కులను వెంట తెచ్చింది. మొదటి రెండు పెట్టెలకు అభ్యర్థుల పేర్లు తెలియవు. ఐదవ మీటకు ఇన్ని ఓట్లు, ఆరవ మీటకు ఇన్ని అన్నంత వరకే వాటి జ్ఞానం. చీటీ అచ్చు వేయవలెనన్నచో వీవీప్యాట్‌కు పేర్లు, గుర్తులు ముందుగా ఎక్కించవలెను. ఎక్కించేందుకు మరొక పరికరం వచ్చింది. నమ్మవలసిన వస్తువులు ఒకటి పెరిగినవి. ఎండ, వెలుతురుల బాధ వేరు. 2018 మేలో ఉత్తరప్రదేశ్‌లోని కైరానా ఉప ఎన్నికలో వీవీప్యాట్‌లు విరివిగా మొరాయించినవి. తీవ్రమైన వెలుతురు లోపలి గ్రాహకంపై పడడం అందుకు ఒక కారణమని ఎన్నికల సంఘం తెలిపింది. కిటికీకి ఎదురుగా, దీపం క్రింద ఆ పెట్టె నుంచరాదన్న హెచ్చరిక, ఎండలు మండే రాయలసీమ బడి గదులకు ఎంతో వర్తిస్తుంది. చూపు లేని ఓటరుకు బ్రెయిలీ అంకె అందుతుంది గాని, అద్దంలోని చీటీ అందదు. ఆ ముఖం కన్నుల కొరకే చేసినది.

చీటీలో వేరొక పేరు కనిపించినచో ఓటరు ఏమి చేయవచ్చును? వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే అందరి ఎదుట పరీక్ష ఓటు వేయిస్తారు. ఫిర్యాదు అబద్ధమని తేలితే శిక్ష ఉన్నది. 2019 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఉత్తర్వు ప్రకారం ప్రతి శాసనసభ నియోజకవర్గ పరిధిలో ఐదు వీవీప్యాట్‌ల చీటీలను లెక్కించి యంత్రపు లెక్కతో సరిచూడడం ఆరంభమయింది. రెండింటికీ తేడా వస్తే చీటీల లెక్కదే పైచేయి. అన్ని చీటీలూ లెక్కించవలెనన్న కోరికను 2024 ఏప్రిల్ 26న కోర్టు అంగీకరించలేదు. కాని గుర్తులు ఎక్కించే పరికరాలను కూడ ముద్ర వేసి ఫలితాల తరువాత 45 దినాలు భద్రపరచవలెనని ఆదేశించింది. నాలుగవ పరికరం కూడ లెక్కలోనికి వచ్చినదన్న మాట.

తరగతి గదిలో

ఈ సూత్రాన్ని పాఠశాలలో సులభంగా చూపవచ్చును. రెండు చిన్న టార్చి బల్బులను వరుసగా ఒకే తీగకు కలిపి, రెండు సెల్లులు, ఒక స్విచ్చి అమర్చవలెను. ఒక బల్బు, స్విచ్చి ఉపాధ్యాయుని బల్లమీద; రెండవ బల్బు అట్టల మరుగులో. స్విచ్చి వేయగానే రెండూ వెలుగుతవి. తీగ ఎక్కడ తెగినా రెండూ ఆరిపోతవి. కనుక అవి ఎన్నడూ భిన్నమైన మాట చెప్పవు. ఇప్పుడు మరుగులోని బల్బుకు వేరుగా సెల్లు పెట్టి, స్విచ్చి తీసివేయండి. బల్లమీది బల్బు ఆరినా మరుగులోనిది వెలుగుతూనే ఉంటుంది. లోపలి విద్యార్థి తన వంతు ఇంకా ఉన్నదనే అనుకొంటాడు. రెండు ముఖాలు వేరు మాటలు చెబితే ఏమవుతుందో పిల్లలకు దీనితో బోధపడుతుంది. పిదప ఒక ప్రశ్న అడగవలెను: ముఖాలు రెండూ ఒకే మాట చెప్పినంత మాత్రాన ఆ మాట నిజమని ఎట్లు తెలుసును?

ఆ ప్రశ్నకు 1962 నాటి ఓటరు చేతిలో ముద్ర వేసిన కాగితం జవాబుగా ఉండేది. 2004 నాటి ఓటరుకు ఒక ఎర్రదీపం, ఒక కూత ఉండేవి. 2017లో నంద్యాల ఓటరుకు కాగితం తిరిగి వచ్చింది. కాని దానిని అతడు తాకలేడు. ఏడు సెకన్లు అద్దం గుండా చూడగలడు. యంత్రాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క అప్పగించినప్పుడు ఎవరూ ఒంటరిగా మోసం చేయలేరు. అయితే ముక్కలన్నీ చెప్పే మాటను సరిచూసే వీలు చివరకు ఆ పోలింగు కేంద్రంలో అందరికంటె తక్కువ చదువుకొన్న మనిషికి కూడ ఉండవలెను. ఆ వీలు ఎంత ఉంటే ఆ యంత్రం అంత మంచిది.